మా బావకు ఏమీ కనిపించదు

మా బావ వన్యప్రాణుల గైడు. ఆయనకు వన్యప్రాణులు కనిపించవు.

నవ్వకండి, నిజమే చెబుతున్నాను. మా దీవి చూడటానికి వచ్చేవాళ్ళను చిన్న జట్టుగా అడవిలోకి తీసుకెళ్ళి పిట్టల్నీ, పాముల్నీ, ఉడుముల్నీ చూపించడం ఆయన ఉద్యోగం. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక్క ప్రాణినైనా తను ముందు చూసి ఇంకొకరికి చూపించిన పాపాన పోలేదు. జట్టులో ఎవరో ఒకరు కనిపెట్టి "అదిగో గైడు గారూ!" అని వేలెత్తి చూపించాలి. అప్పుడాయన కళ్ళు చికిలించి, మెడ సాచి, సరిగ్గా ఆ ప్రాణి లేని వైపుకే చూస్తూ "ఏదీ? ఎక్కడా? నాకేం కనపడట్లేదే!" అంటాడు.

నేను ఆయన బావమరిదిని. జట్టును రేవు నుంచి అడవి ఒడ్డుకు చేర్చి, మళ్ళీ వెనక్కి తీసుకొచ్చే పడవ నడిపేది నేనే. వాళ్ళు అడవిలో తిరిగినంతసేపూ నేను పడవలోనే కూర్చుంటాను. తిరుగు ప్రయాణంలో వాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతూ చెప్పుకునే మాటలన్నీ వింటాను. వినేవాడికి బావమరిదిగా ఎంత తలవంపులుగా ఉంటుందో మీరే ఆలోచించండి.

ఒకసారి ఉడుము గురించి ఉపన్యాసం ఇస్తున్నాడట. "ఉడుము మహా సిగ్గరి. మనిషి అలికిడి వింటే చాలు, మాయమైపోతుంది. చూడాలంటే పెట్టి పుట్టాలి," అని చేతులు తిప్పుతూ చెబుతుంటే, ఆయన వెనకాలే బాట మీద నిలువెడు ఉడుము పడుకుని, నాలుక ఆడిస్తూ ఆ ఉపన్యాసమంతా విందట. చూసింది ఎవరనుకున్నారు? కొత్తగా పెళ్ళయి, భర్త వెనక దాక్కుని నడుస్తూ, పొద్దుటి నుంచి నోరు విప్పని ఓ అమ్మాయి.

"సార్... మీ వెనకాల..."

"ఏదీ? ఎక్కడా?" అంటూ బావ గిర్రున తిరిగాడట. కుడి వైపు తిరిగితే ఉడుము కనిపించేది. ఆయన ఎడమ వైపు తిరిగాడు.

ఇంకోసారి మడ అడవిలో చెట్టు నిండా కొంగలు, ఆరేసిన తెల్లబట్టల్లా. గుడ్డివాడికైనా ఆ అరుపులు వినిపిస్తాయి. మా బావ మాత్రం వంగి బూటు లేసు కట్టుకుంటున్నాడు. ఆయన లేసుల సంగతి వేరే చెప్పాలి. దారి పొడుగునా బిగుసుకుని ఉంటాయి, ఏ పిట్టో పురుగో ఎదురయ్యే చోట ఠక్కున ఊడిపోతాయి. ఊడగానే పక్కన ఎవరుంటే వాళ్ళ చేతిలో తన నల్ల గొడుగు పెట్టి, "కాస్త పట్టుకోండి, ఒక్క నిమిషం," అని కింద కూర్చుంటాడు. ఆ నిమిషం ఎంతసేపటికి పూర్తవుతుందో ఆయనకే తెలియదు. కొంగల్ని చూసింది, గొడుగు పట్టుకుని నిలబడ్డ ఓ నత్తి గుమాస్తా. ఆనందం పట్టలేక నత్తి లేకుండా అరిచాడట.

ఇలా వెళ్ళిన వాళ్ళందరికీ మా బావంటే ఎంత జాలో! ఊళ్ళకు చేరగానే ఆయన కళ్ళ కోసం ఏదో ఒకటి పంపిస్తారు. మా ఇంట్లో ఓ అలమర నిండా కంటి చుక్కల మందులు, చలవ కళ్ళద్దాలు, భూతద్దాలు. ఆ మందులన్నీ అమ్ముకుంటే మేం ఓ దుకాణం తెరవొచ్చని మా అక్క అంటుంది.

"అడవిలో ఏమీ కనపడదంటావు. మరి ఇంట్లో నేను బిస్కెట్లు ఎక్కడ దాచినా ఎలా కనపడతాయయ్యా?" అని అక్క నిలదీస్తే, బావ నోటి నిండా బిస్కెట్లతో చేతులూపుతాడు.

నా చూపు మాత్రం డేగ చూపు. నన్ను నేను పొగుడుకోవడం కాదు, రేవులో ఎవరినైనా అడగండి. నేను పనిచేసే మిల్లు మూతపడ్డాక అక్క ఇంటికి వచ్చి, గోడ వైపు తిరిగి పడుకుని కాలం గడుపుతున్న రోజులవి. ఓ తెల్లవారుజామున బావ నన్ను బలవంతంగా లేపి, సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్ళాడు. కాస్త దూరం నడిచాక ఆయన చెప్పు తెగింది. ఆయన ఇసుకలో చతికిలబడి ఆ చెప్పుతో కుస్తీ పడుతుంటే, పక్కనే ఇసుక కదిలింది. తాబేలు పిల్లలు! బిలబిలమంటూ నీళ్ళ వైపు పాకుతున్నాయి. నేను వేసిన కేకకు రేవు రేవంతా లేచొచ్చింది. ఆ చోట తాబేళ్ళు గుడ్లు పెడతాయని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. "ఈ అబ్బాయికి కళ్ళున్నాయి," అని బావ పనిచేసే టూరు కంపెనీ మేడమ్ నన్ను పిలిచి పడవ అప్పగించింది. బావ మాత్రం ఆ రోజు కూడా "ఏదీ? ఎక్కడా?" అంటూ తెగిన చెప్పు చేత్తో పట్టుకుని అటూ ఇటూ గెంతాడు.

ఆ మేడమ్‌కే చివరికి ఓపిక నశించింది.

మా టూరు కంపెనీ ఆఫీసంటే రేవు పక్కన ఓ గది. గోడకు దీవి పటం, కిటికీ ఊచల మీద ఆరేసిన లైఫ్ జాకెట్లు, తిరిగేటప్పుడు మూలిగే ఫ్యాను. మేడమ్ మమ్మల్నిద్దరినీ పిలిపించింది. నన్నెందుకు పిలిచిందో తెలియదు, బావ చేసిన దానికి సాక్షిగా కాబోలు.

"కళ్ళు కనపడని గైడును పెట్టుకుని నేను వ్యాపారం ఎలా చెయ్యనండీ? వచ్చినవాళ్ళు ఫోన్లు చేసి మరీ చెబుతున్నారు, మీ గైడు మంచివాడే గానీ చూపు లేదని. పక్క కంపెనీ గైడు ఆకు చాటున చీమ ఉన్నా చూపిస్తున్నాడట!"

"చీమని కూడానా మేడమ్!" అన్నాడు బావ, నిజంగా మెచ్చుకుంటూ.

"నవ్వులాట కాదు. రేపటి జట్టుతో నేనే వస్తున్నాను. ఎండుకొమ్మ పిట్టను మీరే ముందు చూసి, మీ నోటితో చూపించాలి. లేదంటే సోమవారం నుంచి టికెట్ల కిటికీ దగ్గర కూర్చోండి. అడవికి వేరే మనిషిని చూసుకుంటాను."

ఎండుకొమ్మ పిట్ట అన్నది మేం పెట్టుకున్న పేరు. పగలంతా కళ్ళు మూసుకుని, ముక్కు ఆకాశానికెత్తి, విరిగిన ఎండుకొమ్మలా కదలకుండా కూర్చుంటుంది. దాన్ని చూడ్డానికే చాలామంది మా దీవికి వస్తారు, చూడకుండానే చాలామంది వెళ్ళిపోతారు. ఇక టికెట్ల కిటికీ అంటే, తలుపు వేస్తే గాలాడని ఓ పెట్టె. చెట్టు నీడలో తప్ప అన్నం సయించని మా బావను అందులో కూర్చోబెట్టడమంటే, మనిషిని బతికుండగానే ఎండబెట్టడం.

ఆ సంగతి విన్నాక అక్క గుండెల్లో రాయి పడింది. పొద్దున్నే భోజనం పొట్లాలు కడుతూ బావను బతిమాలింది. "ఈ ఒక్కరోజూ కళ్ళు తెరువయ్యా. నీకు దణ్ణం పెడతాను."

"తెరిచే ఉన్నాయి కదే," అన్నాడు బావ.

ఆయనతో లాభం లేదని అక్క నా వైపు తిరిగింది. "ఒరేయ్, పొట్లాల బుట్ట మోసే నెపంతో నువ్వూ వెంట వెళ్ళు. ఆ పిట్ట కనపడగానే దగ్గు. ఆయన అప్పుడు అటు చూసి చూపిస్తాడు. ఇద్దరికీ అర్థమైందా?"

నాకు అర్థమైంది. బావ బూట్లు వేసుకుంటూ తలూపాడు.

ఆనాటి జట్టులో మేడమ్ కాక నలుగురే. ఫిరంగి లాంటి కెమెరా మెడలో వేసుకున్న పెద్దమనిషి ఒకాయన, ఓ కొడుకూ కోడలూ, ఆ కొడుకు తల్లి. ఆ తల్లి పడవ ఎక్కినప్పటి నుంచి ఒకటే మాట. "మీరు చూడండి నాయనా, నేనేం చూస్తాను." అందరి సంచులూ ఆవిడ భుజాల మీదే ఉన్నాయి. కొడుకు చెడ్డవాడేం కాదు. అయితే అడుగడుక్కీ "అమ్మా, జాగ్రత్త," "అమ్మా, నీకు అర్థం కాదులే, పద," అనడం అలవాటైపోయిన మనిషి. ఒడ్డు చేరాక ఆవిడ పడవలోంచి లేవనే లేదు.

"నేనిక్కడే కూర్చుంటాను బాబూ. నేనొచ్చి చేసేదేముంది?"

"ఎంత మాటన్నారమ్మా! నా గొడుగు పట్టుకోవడానికి మనిషి లేక అవస్థ పడుతున్నాను. రండి, రండి," అని బావ చెయ్యి అందించి దింపాడు.

అడవిలోకి నడిచాం. నేను బుట్ట నెత్తిన పెట్టుకుని, ప్రతి కొమ్మనూ వేలిముద్రలు తీసుకునేవాడిలా వెతుకుతున్నాను. ఓ మలుపు తిరగ్గానే బావ లేసు ఊడింది. గొడుగు ఆ తల్లి చేతికి వచ్చింది. "ఇలా రండమ్మా, ఎండ పడుతోంది. ఇంకాస్త ముందుకు. ఆఁ, అక్కడే," అని ఆవిడను బాట అంచున నిలబెట్టి, ఆయన కింద కూలబడ్డాడు.

కెమెరా ఆయన విసుక్కున్నాడు. "ఏమండీ, పిట్ట ఎక్కడుంటుందో చెప్పకుండా ఈ బూట్ల గోలేంటి?"

"ఎక్కడో ఉండాలండీ. నాకేం కనపడట్లేదు."

మేడమ్ ముఖం కందగడ్డయింది. నేను తల పైకెత్తాను. గొడుగు అంచుకు ఎదురుగా, చేత్తో అందుకునేంత దగ్గరలో, ఓ విరిగిన కొమ్మ. ఆ కొమ్మకు ఈకలు! నా చూపు సంగతి ముందే చెప్పాను కదా. వెంటనే దగ్గాను.

బావ లేసు కడుతున్నాడు. ఇంకాస్త గట్టిగా దగ్గాను.

"నీళ్ళు తాగరా," అన్నాడు తల ఎత్తకుండా.

క్షయరోగిలా దగ్గాను. ఆ తల్లి పాపం, సంచిలో వెతికి నాకో లవంగం ఇచ్చింది. "నోట్లో పెట్టుకో నాయనా, గొంతు విచ్చుకుంటుంది." లవంగం దవడన పెట్టుకుని మళ్ళీ దగ్గాను. బావ ఓ లేసు కట్టడం పూర్తి చేసి, రెండోది విప్పడం మొదలుపెట్టాడు. అవును, కట్టి ఉన్నదాన్నే విప్పాడు. తర్వాత బూటులో రాయి దూరిందన్నాడు. బూటు విప్పి బోర్లించి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు.

"ఇక పదండి, ఇక్కడేం లేదు," అన్నాడు కొడుకు.

"సోమవారం..." అని మేడమ్ పళ్ళు బిగించింది.

ఇక ఆగలేకపోయాను. ఉద్యోగం పోతుంటే దగ్గులేంటి! "అదిగో..." అని నోరు తెరిచాను. అంతే, నా కాలి బొటనవేలి మీద పిడుగు పడ్డట్టయింది. బావ లేచి నిలబడి, బూటున్న కాలితో నా కాలు తొక్కి, దాని మీదే ఒంటికాలి కొంగలా నిల్చున్నాడు. నా వైపు ఒక్క చూపు చూశాడు. చూపు లేని మనిషి చూసే చూపు కాదది. నోట్లోని లవంగం మింగేశాను.

అప్పుడు ఆ తల్లి గొంతు మెల్లగా వినిపించింది.

"బాబూ, ఆ కొమ్మకు కళ్ళున్నాయేంటి?"

ఎండుకొమ్మ పిట్ట ఓ కన్ను సన్నగా తెరిచి ఆవిడనే చూస్తోంది.

"ఏదీ? ఎక్కడా?" బావ మెడ సాచి నేల వైపు చూశాడు. "నాకేం కనపడట్లేదేంటమ్మా!"

"అటు కాదయ్యా, ఇటు!" ఆవిడ గొడుగు వదిలేసి, రెండు చేతులతో బావ దవడలు పట్టుకుని, చిన్నపిల్లాడి ముఖం తిప్పినట్టు తిప్పింది. "ఆ లావు కొమ్మ పక్కన. చివర పుట్టుమచ్చలా ఉంది చూడు. అదే ముక్కు. కనపడిందా?"

"ఆఁ... ఆఁ! కనపడిందమ్మా! అమ్మ బాబోయ్, మీవి ఏం కళ్ళమ్మా!"

"అమ్మా, నాకూ చూపించవూ," అంటూ కొడుకు ఆవిడ భుజం మీదుగా తొంగిచూశాడు. కోడలు అటు నుంచి వంగింది. కెమెరా ఆయన బాట మీద మోకాళ్ళ మీద కూర్చుని, "అమ్మగారూ, కాస్త ఎడమకా, కుడికా, మీరే చెప్పండి," అని వేడుకున్నాడు. ఆవిడ ఒక్కొక్కరినీ తను నిలబడ్డ చోట నిలబెట్టి, వరసగా చూపించింది. "గొంతు తగ్గించండి, నిద్రపోతోంది పాపం," అని కొడుకును కసిరింది కూడా. కొడుకు నోటి మీద వేలేసుకున్నాడు.

అక్కడి నుంచి ఆవిడే ముందు నడిచింది. ఎర్ర పీతను చూసింది, చెట్టు తొర్రలో ఉడుము తోకను చూసింది. కొడుకును పిలిచి, "నీకు అర్థం కాదులే, నేను చెబుతాను, విను," అంది. మా బావ అందరికంటే వెనక, పోగొట్టుకున్నదేదో దొరికినవాడిలా చేతులూపుకుంటూ వస్తున్నాడు.

భోజనాల దగ్గర నేను ఆయన పక్కన చేరాను.

"బావా, నీకు ముందే కనిపించింది."

"ఏదిరా?"

"పిట్ట."

"ఏ పిట్ట?"

"నా వేలు చూడు, ఎలా వాచిందో. ఇంకా ఏ పిట్టంటావా?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మలుపులోనే కనిపించిందిరా. నేనే చూపించాననుకో, ఆవిడ 'ఆహా' అనేసి, సంచులు మోసుకుంటూ వెనకాల నడిచేది. ఇప్పుడు చూడు, సంచులు ఎవరి భుజాన ఉన్నాయో."

చూశాను. అన్నీ కొడుకు భుజాన ఉన్నాయి. కోడలు అత్తగారి పక్కన కూర్చుని, ముందుగా ఆవిడకే వడ్డిస్తోంది. కొత్త పెళ్ళికూతురూ, నత్తి గుమాస్తా నాకు అప్పుడు గుర్తొచ్చారు. ఇన్నేళ్ళలో ఆ నల్ల గొడుగు పట్టుకున్నవాళ్ళలో ఒక్కరంటే ఒక్కరు కూడా నలుగురిలో గొంతెత్తి మాట్లాడే మనిషి కాదు.

"అది సరే, నీ ఉద్యోగం? ఉన్న సంగతి మేడమ్‌కు చెప్పేద్దాం బావా."

"చెప్పావంటే రెండో కాలు కూడా తొక్కుతాను. ఈ సంగతి బయటికొస్తే, ఇక ఎవరు ఏది చూసినా 'గైడే చూడనిచ్చాడు' అనుకుంటారు. తమకు తాము చూశామన్న సంతోషం ఉంటుందా? కిటికీయే కదా, కూర్చుంటాలే."

ఆ మాట అంటూ తల ఎత్తి చెట్ల కొమ్మల్ని ఓసారి కలియజూశాడు. అంతలో ఇంకో అనుమానం నెత్తి మీద మొట్టికాయ వేసింది.

"బావా, మరి నా తాబేలు పిల్లలు?"

"వాటికేమైంది?"

"ఆ రోజు నీ చెప్పు..."

"ఇంకో ముక్క రొట్టె వేసుకోరా, చల్లారిపోతోంది," అని తన పొట్లంలోది తీసి నాకు వేశాడు.

గోడ వైపు తిరిగి పడుకున్నవాణ్ణి లేపి, నిలబెట్టి, చేతికో పడవ ఇప్పించిన మనిషి ఆ రొట్టె వేస్తుంటే, నా కళ్ళు చెమర్చాయి. డేగ చూపు అని ఇన్నాళ్ళు విర్రవీగిన కళ్ళు అవే. కారం ఎక్కువైందని చెప్పాను. రొట్టెలో కారం లేదు.

తిరుగు ప్రయాణంలో ఆ తల్లి పడవలో అటు నుంచి ఇటు జరిగి, మేడమ్ పక్కన చేరింది. గుసగుసగా మాట్లాడుతున్నాననుకుంది గానీ, ఇంజను చప్పుడులోనూ పడవంతా వినిపించింది.

"అమ్మా, ఆ గైడు బాబుకు చూపు బొత్తిగా ఆనట్లేదు. అంత దగ్గరలో ఉన్నదాన్ని నేను ముఖం పట్టుకుని తిప్పితే గానీ చూడలేకపోయాడు. అయినా పనిలోంచి తీసెయ్యకు తల్లీ. బంగారంలాంటి మనిషి. చూడటానికేముంది, నాలాంటివాళ్ళం వచ్చి చూపిస్తాంలే."

మేడమ్ సముద్రం వైపు ముఖం తిప్పుకుంది. అటే చూస్తూ, "మీరింతగా చెప్పాక కాదంటానా అమ్మా," అంది.

రేవు చేరాం. ఆ తల్లి బావ చెయ్యి పట్టుకుని దిగి, రోజూ ఆకుకూరలు తినమని, కళ్ళకు చలవ చేస్తుందని రెండుసార్లు చెప్పి వెళ్ళింది. బావ లైఫ్ జాకెట్లు పోగేసుకుని ఆఫీసు వైపు నడిచాడు. నేను తాడు కడుతూ, ధైర్యం చేసి అడిగాను.

"మేడమ్, సోమవారం నుంచి బావ..."

"సోమవారం నుంచి ఏముంది? మామూలే. అడవికి ఆయనే వెళ్తారు."

"ఆ పెద్దావిడ చెప్పిందనా మేడమ్?"

మేడమ్ చుట్టూ చూసి, పడవ అంచు మీద కూర్చుంది. "ఆ పిట్టను నేనూ చూశానయ్యా. మీ బావ రెండో లేసు విప్పుతుండగానే చూశాను. ఈయనకు ఇదీ కనపడదా అని ఒళ్ళు మండి, చెబుదామని నోరు తెరవబోయాను. సరిగ్గా అప్పుడే మీ బావ నీ కాలు తొక్కాడు. ఎందుకు తొక్కాడా అని చూస్తే, కొమ్మ వైపే చూస్తున్న ఆ పెద్దావిడ ముఖం కనిపించింది. తర్వాత ఆయన నా వైపు కూడా ఓ అడుగు జరిగాడు. కొత్త చెప్పులు కొనుక్కుని వారం కాలేదు. నోరు మూసుకున్నాను."

నేను నవ్వాపుకోలేక తాడు వదిలేశాను. పడవ మెల్లగా రేవు నుంచి జారుకుంటుంటే, మేడమ్ కేకలేస్తూ ఒడ్డుకు దూకింది. నీళ్ళలోకి దిగి దాన్ని లాక్కొచ్చి కట్టేసరికి మోకాళ్ళ దాకా తడిశాను. ఆ తడి బట్టలతోనే, వాచిన వేలితో కుంటుతూ, ఈ కబురు అక్కకు అందరికంటే ముందు నేనే చెప్పాలని ఇంటివైపు పరుగెత్తాను.